పాత బాకీ ఉన్న బ్యాంకులోనే మళ్లీ తనఖా అప్పు

కల్యాణదుర్గం, రాయదుర్గం మెట్ట పల్లెల రైతు చీనీ మొక్కలు నాటుదామనో, మరో బోరు వేద్దామనో పాసుపుస్తకం సంచిలో పెట్టుకుని బ్యాంకు మెట్లెక్కితే అక్కడ ముందుగా అడిగేది భూమి సంగతి కాదు, పాత బాకీ సంగతి.

‘‘పెద్దాయనా, నీ పేరు మీద పాత అకౌంటు ఇంకా ఉంది’’ అంటాడు ఫీల్డాఫీసరు.

‘‘అదెప్పుడో మాఫీ అయిపాయ గదా సార్!’’ అంటాడు రైతు.

‘‘మాఫీ కాలేదు, రైటాఫ్ అయింది.’’

ఈ మాట అర్థం కాక బ్యాంకు అరుగు మీద కూలబడే వారు అనంతపురం జిల్లాలో తక్కువ మంది కారు. రెండూ ఒకటేననుకుని ఏళ్ల తరబడి బ్యాంకు ముఖం చూడని వారు, ఇప్పుడు కొడుకు చదువుకో, కొత్త ఇంటికో, తోటకో తనఖా అప్పు కావలసి వచ్చేసరికి చిక్కుల్లో పడుతున్నారు.

రైటాఫ్ అంటే బ్యాంకు తన లెక్కల పుస్తకంలో చేసుకునే సర్దుబాటు మాత్రమే. వసూలు కాని బాకీని ఆస్తుల పట్టీలోంచి తీసి పక్కన రాసుకుంటుంది. రైతు ఇవ్వవలసిన బాధ్యత అలాగే ఉంటుంది. వసూలు చేసుకునే హక్కూ బ్యాంకుకు అలాగే ఉంటుంది. మాఫీ అంటే ఆ బాకీని మరొకరు, సాధారణంగా ప్రభుత్వం, రైతు తరపున కట్టడం. ఎంత కడితే అంతే తీరుతుంది. మిగిలినది రైతు నెత్తిన ఉంటుంది.

మాఫీ మీద ఆశ, మిగిలిన వడ్డీ

బాకీ పడిన వారందరినీ ఎగవేతదారులనడం అన్యాయం. ఈ జిల్లాలో వేరుశనగ వాన మీద ఆధారపడ్డ పంట. ఊడ దిగే వేళ పదును లేకపోతే పెట్టుబడి మట్టిలోనే ఉండిపోతుంది. బోరు కోసం తీసుకున్న అప్పు తీరకముందే బోరు ఎండిపోతుంది. ఆ మీదట మాఫీల ఆశ. 2008లో కేంద్రం ప్రకటించిన పథకంలో 5 ఎకరాల లోపు రైతుల అర్హమైన బాకీ పూర్తిగా రద్దయింది. అంతకు మించి భూమి ఉన్నవారు తమ వాటా కడితేనే మిగతాది తగ్గింది. ఆ వాటా కట్టని వారి ఖాతాలు తెరిచే ఉండిపోయాయి. 2014లో రాష్ట్ర ప్రభుత్వం కుటుంబానికి లక్షన్నర వరకు విడతలుగా మాఫీ అన్నది. చివరి రెండు విడతలు, అంటే నాలుగోది, ఐదోది, రైతులకు అందలేదు. మాఫీ వస్తుందన్న నమ్మకంతో రెన్యువల్ చేయించుకోని వారికి ఈలోగా వడ్డీ పెరిగింది.

ఎంత పెరుగుతుందో చూడండి. ఉదాహరణకు లక్ష రూపాయల అప్పు ఏడాదికి 12 శాతం చొప్పున పదేళ్లు నిలిచిపోతే బారువడ్డీతో 2 లక్షల 20 వేలు అవుతుంది. ఏటా వడ్డీని అసలులో కలుపుకుంటూ పోతే 3 లక్షల 10 వేలు దాటుతుంది. అందుకే ‘ఎంత కట్టాలి?’ అని నోటితో అడిగి ఊరుకోకుండా, అర్జీ పెట్టి ఖాతా స్టేట్‌మెంటు కాగితం మీద తీసుకోవడం మొదటి పని. చిన్న, సన్నకారు రైతుల స్వల్పకాలిక పంట అప్పుపై వేసే మొత్తం వడ్డీ అసలును మించరాదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. స్టేట్‌మెంటు చేతికి వచ్చాక ఆ మాట మేనేజరు గారిని తప్పక అడగాలి.

బోర్డు మారింది, బాకీ మారలేదు

‘ఈ బ్యాంకు కాకపోతే ఇంకో బ్యాంకు’ అని బయలుదేరే వారూ ఉన్నారు. జిల్లాలో దీనికొక వింత అడ్డు ఉంది. సిండికేట్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కెనరా బ్యాంకులో కలిసిపోయింది. అదే రోజున ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. ఒకప్పటి శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో భాగమైంది. అది కూడా 2025 మే 1 నుంచి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయింది. అంటే పాత బాకీ ఒక బ్యాంకులో ఉందనుకుని మరో బ్యాంకుకు వెళ్లిన రైతు, తెలియకుండానే తన పాత అప్పుల వాడి గుమ్మం ముందే నిలబడుతున్నాడు. పాత భూమి అభివృద్ధి బ్యాంకుల కథా అంతే. 1987లో సింగిల్ విండో పద్ధతి వచ్చాక ఆ లెక్కలు సహకార వ్యవస్థలో కలిసిపోయాయి.

నిజంగా వేరే బ్యాంకే అయినా దారి సులువు కాదు. భూమి పత్రాలు పాత బ్యాంకు బీరువాలో ఉంటాయి. వెబ్‌ల్యాండ్‌లో సర్వే నంబరు ఎదుట ఆ బ్యాంకు లోన్ చార్జి కనిపిస్తుంది. తనఖా రిజిస్టరు అయి ఉంటే ఈసీలోనూ వస్తుంది. ఆ భూమినే చూపించి ఇంకొకరు అప్పివ్వరు. బ్యాంకు తలుపు మూసుకుంటే మిగిలేది నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీ. ఏడాదికి 24, 36 శాతమన్న మాట. సకాలంలో కట్టే రైతుకు 3 లక్షల వరకు పంట అప్పు 4 శాతానికే దొరికే రోజుల్లో, పాత బాకీ వల్ల జరిగే అసలు నష్టం ఇదే.

రెండు పుస్తకాలు

అప్పు అడగబోయే వారి చరిత్ర రెండు చోట్ల ఉంటుంది. ఒకటి సిబిల్ వంటి రుణ సమాచార సంస్థల దగ్గర. దేశంలో ఇవి నాలుగు. అవి ఇచ్చే స్కోరు 300 నుంచి 900 వరకు ఉంటుంది. ఒక్కొక్క సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలి. సెల్‌ఫోనులో చూడడం తెలిసిన పిల్లల చేత దాన్ని తీయించుకోవచ్చు. తీరిపోయిన అప్పు తీరనట్టు కనిపిస్తే ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో సరిదిద్దకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 నుంచి అమలులో ఉంది.

రెండోది అప్పిచ్చిన బ్యాంకు సొంత లెడ్జరు. బయటి నివేదికలో పాత సంగతి కొన్నేళ్లకు మరుగున పడవచ్చు, సొంత లెడ్జరు మాత్రం మరిచిపోదు. స్కోరు బాగుందని సంబరపడి వెళ్లిన వారిని కూడా పాత బ్యాంకు వెనక్కి పంపడానికి కారణం ఇదే.

ఆ లెడ్జరులో ఖాతా ఎలా మూతపడిందన్నదే మేనేజరు చూసేది. పూర్తిగా కట్టి మూసిన ఖాతాకు ఒక విలువ, రాజీ మీద తగ్గించి కట్టిన ఖాతాకు మరో విలువ. వన్ టైం సెటిల్‌మెంటు అంటే అప్పటికి భారం తగ్గుతుంది, నిజమే. కానీ నివేదికలో ‘సెటిల్డ్’ అని పడుతుంది, ఆ బ్యాంకు నష్టపోయిన మొత్తం దాని పుస్తకంలో ఉండిపోతుంది. 2023 జూన్ 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం ఇలా రాజీ పడిన వారికి కొంత గడువు దాటాకనే అదే బ్యాంకు కొత్త అప్పు ఇవ్వవచ్చు. వ్యవసాయేతర అప్పులకు ఈ గడువు కనీసం 12 నెలలు. వ్యవసాయ అప్పులకు ఎంత అన్నది ఆయా బ్యాంకుల బోర్డులు నిర్ణయించుకుంటాయి. కనుక సెటిల్‌మెంటు మీద సంతకం పెట్టే ముందే, ‘తరువాత ఎన్నాళ్లకు మళ్లీ అప్పు ఇస్తారు?’ అని అడిగి తెలుసుకోవాలి. ఈ ఒక్క ప్రశ్న అడగక, రాజీ కట్టిన మర్నాడే కొత్త దరఖాస్తుతో వెళ్లి భంగపడినవారున్నారు. చేతిలో సొమ్ము ఆడే వారు, రాజీకి, పూర్తి చెల్లింపుకు మధ్య తేడా కొద్దిపాటిదే అయితే, పూర్తిగా కట్టడం వైపే మొగ్గడం మేలు.

లోక్ అదాలత్‌లోనూ రాజీ చేసుకోవచ్చు. ఫీజు ఉండదు, అక్కడి తీర్పుపై అప్పీలు ఉండదు. ఎక్కడ కట్టినా సొమ్ము ఖాతాకే జమ కావాలి. వసూలుకు వచ్చిన మనిషి చేతిలో పెట్టి, ‘రేపు రసీదు ఇస్తాను’ అన్న మాటతో ఊరుకోకూడదు.

దరఖాస్తు పెట్టేటప్పుడు

పాత బాకీ మాట దాచిపెట్టడం వల్ల లాభం లేదు. కంప్యూటరు మీట నొక్కితే వచ్చేస్తుంది. భార్య పేరనో, కొడుకు పేరనో పెట్టినా తనఖా పెట్టే సర్వే నంబరు అదే గదా! ఎందుకు బాకీ పడిందో, ఎప్పుడు తీరిందో చెబుతూ ఒక కాగితం రాసి జతపరచడం మంచిది. కరువు మండలంగా ప్రకటించిన సంవత్సరమైతే ఆ వివరం, ఆ తరువాత వేరే చోట సరిగా కట్టిన డ్వాక్రా అప్పు గాని, బంగారం అప్పు గాని ఉంటే ఆ రసీదులు, పాలకేంద్రం నుంచి వచ్చే బిల్లుల జమలు కూడా పనికి వస్తాయి. ఇప్పటి ఆదాయం మీద నమ్మకం కలిగితేనే మేనేజరు పై కార్యాలయానికి సిఫారసు చేయగలడు. అలా చేసినా మంజూరు అవుతుందన్న హామీ లేదు. తనఖా ఉన్నంత మాత్రాన అప్పివ్వాలన్న చట్టం ఏదీ లేదు.

అడిగేది చిన్న మొత్తమైతే తనఖా ఊసే అక్కరలేదు. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల రూపాయల వరకు వ్యవసాయ అప్పులకు హామీ ఆస్తి అడగరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది. పాత బాకీ తీర్చిన రైతు ముందు ఆ పరిధిలో పంట అప్పు తీసుకుని, రెండు మూడేళ్లు గడువులోగా కట్టి, ఆ తరువాత తోటకు పెద్ద అప్పు అడిగితే బ్యాంకు వారు వినే తీరే వేరుగా ఉంటుంది.

తండ్రి బాకీ, కొడుకు భూమి

తండ్రి పోయాక పాత బాకీ బయటపడ్డ ఇళ్లు ఊరికి కొన్ని ఉంటాయి. తండ్రి చేసిన అప్పుకు కొడుకు తన సొంత సంపాదనలోంచి బాధ్యుడు కాడు. వారసత్వంగా వచ్చిన ఆస్తి మేరకే బాధ్యత. అయితే ఆ భూమి తనఖాలో ఉంటే, తనఖా భూమితో పాటే వస్తుంది. కొడుకు పేర మ్యుటేషన్ అయినా చార్జి పోదు. వ్యవసాయ భూమిని కోర్టుకు వెళ్లకుండా స్వాధీనం చేసుకునే 2002 నాటి సర్ఫేసీ చట్టం వర్తించదన్నది నిజమే. దావా వేసే దారి మాత్రం బ్యాంకుకు ఉంది. తనఖా దావాకు గడువు 12 ఏళ్లు. ఇల్లు తనఖా పెట్టిన వారికి ఈ రక్షణ లేదు.

హామీదారు సంగతి ఎవరూ ముందుగా ఆలోచించరు. పక్క చేని అన్న మాట కాదనలేక సంతకం పెట్టినవాడు కూడా చట్టం దృష్టిలో అంతే బాధ్యుడు. అతని పిల్లల అప్పు కూడా ఇక్కడే ఆగిపోతుంది. బాకీ తీరిన రోజున అతని పేరు కూడా తొలగించామని బ్యాంకు చేత రాయించుకోవాలి.

నో డ్యూస్ సర్టిఫికెట్టు, అసలు పత్రాలు, తనఖా రిజిస్టరు అయి ఉంటే దాని విడుదల పత్రం చేతికి రావాలి. ఇంటి అప్పు వంటి వాటిలో బాకీ తీరిన 30 రోజుల్లో పత్రాలు ఇవ్వకుంటే బ్యాంకు రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలి. ఇవన్నీ అందాక కూడా ఒకసారి మీసేవకు వెళ్లి కొత్త ఈసీ, అడంగల్ తీయించి చూసుకోవాలి. బాకీ ఎప్పుడో తీరినా వెబ్‌ల్యాండ్‌లో చార్జి అలాగే ఉండిపోతే, ఆ కాగితాలతో మళ్లీ అదే బ్యాంకుకు వెళ్లి తీయించుకున్నాకే కొత్త దరఖాస్తు లోపలికి ఇవ్వాలి.