తిరుగు ఓడ మెటియాబ్రుజ్ దాకే

థాయ్‌లాండ్‌లో యాభై దాటిన విదేశీయులు కొందరు ముందు థాయ్ భాష నేర్చుకుంటామంటూ స్టూడెంట్ వీసా మీద దిగుతారు. అక్కడి ఎండా, తిండీ, ఖర్చూ ఒంటికి పడ్డాక, ఇంటి ముఖం చూడకుండానే రిటైర్మెంట్ కోటాలోకి మారిపోతారు. 50 ఏళ్లు నిండి ఉండాలి. అక్కడి బ్యాంకులో 8 లక్షల బాత్‌లైనా ఉండాలి, నెలకు 65 వేల బాత్‌ల రాబడైనా చూపించాలి. నిన్నటిదాకా విద్యార్థి, నేడు విశ్రాంత జీవి.

పరాయి గడ్డ మీద ఉండగానే హోదా మార్చుకోవడం ఈ కాలపు తెలివి అనుకుంటాం. కోల్‌కతాలో, హుగ్లీ ఒడ్డున ఉన్న మెటియాబ్రుజ్ ఆ పని 170 ఏళ్ల కిందటే చూసింది. ఇప్పుడా పేట రెడీమేడ్ బట్టలకు పేరుబడింది. ఓస్తాగర్లనే దర్జీ మేస్త్రీలు కుట్టించిన గౌన్లూ నిక్కర్లూ వారాంతపు సంతల్లో మూటలకు మూటలు అమ్ముడుపోతాయి. పక్కనే గార్డెన్ రీచ్. ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్‌కు హెడ్డాఫీసు అక్కడే. ట్రాన్స్‌ఫరైనా ప్రమోషనైనా ఆ ఊరి నుంచే రావలసి ఉండేది. ఆ హెడ్డాఫీసు జనరల్ మేనేజర్ బంగళాలోనే ఒకప్పుడు అవధ్ నవాబు వాజిద్ అలీ షా దిగాడని చెబుతారు.

నవాబు మెటియాబ్రుజ్‌లో ఉండిపోదామని రాలేదు. 1856 ఫిబ్రవరిలో కంపెనీ సర్కారు లక్నోను లాక్కునే ముందు రెసిడెంట్ ఔట్రమ్ ఒక ఒప్పందం తెచ్చి ముందు పెట్టాడు. రాజ్యం వదులుకుంటే ఏటా 12 లక్షల రూపాయలు. నవాబు సంతకం పెట్టలేదు. తలపాగా తీసి ఔట్రమ్ చేతిలో పెట్టాడు. లండన్ వెళ్లి రాణి దగ్గరే మొర పెట్టుకుంటానని బయల్దేరి మే నెలలో కలకత్తా చేరాడు. అంటే అప్పటికి ఆయన హోదా ప్రయాణికుడు, అర్జీదారు. ఆరోగ్యం బాగోక తను ఆగిపోయి తల్లి మలికా కిష్వర్‌ను పంపాడు. ఆవిడ లండన్‌లో మొర పెట్టుకుని, పని కాక, తిరుగు దారిలో 1858 జనవరిలో పారిస్‌లో కన్నుమూసింది. సమాధి అక్కడి పేర్ లషేజ్ శ్మశానంలో ఉంది. ఈలోగా సిపాయిల తిరుగుబాటు చెలరేగడంతో కొడుకును ఫోర్ట్ విలియంలో బంధించారు. రెండేళ్ల పైచిలుకు తర్వాత, 1859లో, వదిలారు.

బయటికొచ్చాక ఆయన పింఛను పుచ్చుకున్నాడు. ఏటా అదే 12 లక్షలు! తలపాగా తీసిన రోజున వద్దన్న సొమ్మే అది. ఆ డబ్బుతో నది ఒడ్డున చిన్న లక్నోనే కట్టుకున్నాడు. ఇమాంబారా, జంతుశాల, పావురాలు, గాయకులు, నర్తకులు, వంటవాళ్లు. కోల్‌కతా బిర్యానీలో బంగాళదుంప చేరింది ఆ వంటశాలలోనే అంటారు. 1887లో పోయేదాకా లక్నో ముఖం మళ్లీ చూడలేదు. సిబ్తైనాబాద్ ఇమాంబారాలో ఆయన సమాధి ఉంది. రిటైర్మెంట్ వీసాకు ఇంతకన్నా వైభవమైన నమూనా దొరకదు. కాకపోతే దాని ఖరీదు ఒక రాజ్యం.

ఆ నది ఒడ్డునే మరో రకం కాగితాలు తయారయ్యేవి. గార్డెన్ రీచ్, కిదిర్‌పూర్ ప్రాంతాల్లోని డిపోల నుంచి గిర్మిట్ (అగ్రిమెంట్) కూలీలను ఓడలెక్కించి ఫిజీ, సూరినాం, గయానా, ట్రినిడాడ్‌లకు పంపేవారు. ఒక్కొక్కరికీ ఒక ఎమిగ్రేషన్ పాస్. ఫిజీ పాసులు చూస్తే ఓడ పేరు, డిపో నంబరు, కూలీ పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు అన్నీ వరుసగా ఉంటాయి. ఊరి పేరు గుమస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా రాసుకున్నాడు. మునిమనవలు ఇవాళ ఊరు వెతుక్కోవాలంటే ఆ గుమస్తా చెవే దిక్కు.

ఒప్పందం అయిదేళ్లు. ఫిజీలో మగవాళ్లకు రోజుకు ఒక షిల్లింగు, ఆడవాళ్లకు తొమ్మిది పెన్నీలు. అయిదేళ్లు తీరాక స్వేచ్ఛ వస్తుంది గాని, ఉచిత తిరుగు ప్రయాణం కావాలంటే మరో అయిదేళ్లు అక్కడే ఉండాలి. సూరినాంలోని డచ్చి సర్కారు ఇంకో దారి పెట్టింది. తిరుగు ప్రయాణం హక్కు వదులుకున్నవాళ్లకు కాస్త భూమి, చేతికి 100 గిల్డర్లు. అంటే కూలీ కాగితాన్ని అక్కడే రైతు కాగితంగా మార్చుకోవచ్చన్నమాట, ఇంటికి వెళ్లే హక్కు అమ్ముకుంటే. సూరినాంకు వెళ్లిన 34 వేల పైచిలుకు మందిలో దాదాపు మూడో వంతు మంది అమ్ముకోకుండా వెనక్కి వచ్చారు.

వచ్చినవాళ్ల గతి ఏమిటి? సముద్రం దాటారని కులం వెలి వేసింది. భూమి అన్నదమ్ముల చేతుల్లోకి పోయింది. కూడబెట్టుకున్న నాలుగు రాళ్లు ప్రాయశ్చిత్తాలకూ చుట్టాలకూ కరిగిపోయాయి. అక్కడ పుట్టిన పిల్లలకు ఇక్కడి మాట రాదు, ఇక్కడి జ్వరాలకు తట్టుకోలేరు. ఊళ్లో నిలవలేక మళ్లీ కలకత్తా రేవుకే చేరారు. 1920ల నాటికి మెటియాబ్రుజ్‌లో వీళ్ల గుడిసెలు ఓ పేటగా మారాయి. మిల్లుల్లో, రేవులో దొరికిన పని చేసుకుంటూ, మమ్మల్ని ఫిజీకో గయానాకో తిరిగి పంపించండని అడిగేవాళ్లు. ప్రవాసుల కోసం పనిచేసిన బనారసీదాస్ చతుర్వేది, సి.ఎఫ్. ఆండ్రూస్ వీళ్ల గోడు లోకానికి చెప్పారు. గాంధీజీ ‘యంగ్ ఇండియా’లో రాశారు. గిర్మిట్ రద్దు కోసం పోరాడిన దేశభక్తులకు ఇది మింగుడుపడని సంగతి. బానిసత్వం అని తాము పేరు పెట్టిన చోటికే ఈ జనం మళ్లీ పోతామంటున్నారు. నాకైతే ఇందులో వింతేమీ లేదు. పాతికేళ్లు బతికిన చోటే ఇల్లు. ఇల్లెక్కడో గిర్మిట్ కాగితం చెప్పలేదు.

తెలుగువాళ్లు ఎక్కువగా మద్రాసు రేవు నుంచి వెళ్లారు. 1860లో దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు మొదటి ఓడ, 1903 నుంచి ఫిజీ ఓడలు అక్కడి నుంచే బయల్దేరాయి. దక్షిణాఫ్రికా నుంచి తిరిగొచ్చినవాళ్లతో మద్రాసు కూడా మెటియాబ్రుజ్ లాంటి దృశ్యమే చూసింది. 1927 కేప్‌టౌన్ ఒప్పందం ప్రకారం స్వదేశానికి వెళ్లిపోతామన్న పెద్దలకు ఉచిత ప్రయాణం, తలకు 20 పౌండ్ల బోనస్. మనసు మారితే తిరిగి రావచ్చు, కాని మూడేళ్లలోపే. ఆ గడువు దాటితే నివాస హక్కు పోయినట్టే. పుచ్చుకున్న 20 పౌండ్లు ఎందుకు ఇచ్చారో చాలామందికి గడువు దాటాకే అర్థమైంది. 1931లో భవానీ దయాళ్ సన్యాసి అలా వచ్చినవాళ్ల దుస్థితి మీద నివేదిక అచ్చువేశారు.

నవాబుకు 12 లక్షలు, సూరినాం కూలీకి 100 గిల్డర్లు, నేటాల్ కూలీకి 20 పౌండ్లు. లెక్కలు వేరైనా ముగ్గురి దగ్గరా సర్కార్లు కొన్నది ఒక్కటే, మళ్లీ వెనక్కి వెళ్లే హక్కు. అందుకే హోదా మార్పు దరఖాస్తు చేతికి రాగానే ఏమిస్తారు అని కాదు, ఏం తీసుకుంటారు అని చదవాలి.

మనవాళ్లు ఎక్కువగా ఉన్న అమెరికాలో రిటైర్మెంట్ వీసా అనేదే లేదు. పిల్లలకు సిటిజన్‌షిప్ ఉంటే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు పెట్టిస్తారు. మనవల్ని చూడ్డానికి వెళ్లినవాళ్లు అక్కడ ఉండగానే అర్జీ పడుతుంది. కార్డు వచ్చాక, తెనాలిలో ఇంటి మరమ్మతులంటూ రీ-ఎంట్రీ పర్మిట్ లేకుండా ఏడాది దాటి ఉండిపోతే, విమానాశ్రయంలో అధికారి నివాసం వదులుకున్నారా అని అడగొచ్చు. ఆ పర్మిట్‌కు అర్జీ అమెరికాలో ఉండగానే పెట్టుకోవాలి. కార్డు ఇంకా రాక అర్జీ పెండింగులో ఉంటే కథ మరీ ఇరుకు. అడ్వాన్స్ పెరోల్ చేతిలో లేకుండా దేశం దాటితే మామూలుగా అర్జీ వదిలేసినట్టే లెక్క. అటువంటప్పుడు తమ్ముడు పోయాడని అర్ధరాత్రి ఫోన్ వస్తే టికెట్ కొనేముందు అమ్మానాన్నలు ఆ కాగితం ఉందో లేదో చూసుకోవాలి.