పెంపుడు కుందేళ్ళ ఆటలు, వ్యాయామం, వృద్ధాప్యం

పెంపుడు కుందేలు, ఐరోపా కుందేలు (ఓరిక్టోలాగస్ క్యునిక్యులస్) అనే జాతి నుండి వచ్చిన క్షీరదము. దీని పూర్వీకుల స్వస్థలం స్పెయిన్, పోర్చుగల్ దేశాలున్న ఐబీరియా ద్వీపకల్పం. తెలుగునాట బీళ్ళలో, పొలాల గట్లపై కనిపించే చెవులపిల్లిని కూడా కుందేలనే పిలుస్తారు గాని, అది వేరే ప్రజాతికి చెందినది. అది బొరియలు త్రవ్వదు. దాని పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరుచుకొని పుడతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి రక్షణ కల్పిస్తున్నందున దానిని పట్టి పెంచరాదు. ఇళ్ళలో పెరిగేవి బొరియలలో గుంపులుగా జీవించిన ఐరోపా కుందేలు సంతతి. అందువలన త్రవ్వడం, పరుగెత్తడం, తోటివాటితో కలిసి మెలగడం వీటికి పుట్టుకతో వచ్చిన అవసరాలు.

శరీర నిర్మాణం, వ్యాయామం

కుందేలు ఎముకలు చాలా తేలికైనవి. శరీరపు బరువులో అస్థిపంజరం వాటా సుమారు 7 నుండి 8 శాతం మాత్రమే. పిల్లిలో ఇది 12 నుండి 13 శాతం ఉంటుంది. వెనుక కాళ్ళ కండరాలు మాత్రం మిక్కిలి బలమైనవి. బలమైన కండరం, పెళుసైన ఎముక ఒకే దేహంలో ఉండడం వలన ఒక ప్రమాదం ఉన్నది. వెనుక భాగానికి ఆధారం లేకుండా ఎత్తినప్పుడు కుందేలు గట్టిగా తన్నుకుంటే దాని నడుము దగ్గర వెన్నెముక విరిగిపోవచ్చు. చెవులు పట్టుకొని ఎత్తే అలవాటు బొమ్మలలోను, ఇంద్రజాల ప్రదర్శనలలోను చూసి నేర్చినది. అది పూర్తిగా తప్పు.

చిన్న బోనులో నిరంతరం ఉంచిన కుందేలు ఎముకలు మరింత పలుచబడతాయి, కండరాలు క్షీణిస్తాయి, ఒళ్ళు పెరుగుతుంది, ప్రేగుల కదలిక మందగిస్తుంది. బ్రిటన్‌లోని కుందేళ్ళ సంక్షేమ సంస్థ ఒక జతకు కనీసం 3 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, 1 మీటరు ఎత్తు గల స్థలం ఎల్లవేళలా అందుబాటులో ఉండాలని సూచిస్తుంది. మన సంతలలో అమ్మే బోనులు దీనికి దరిదాపుల్లో కూడా ఉండవు.

ఆటలు

కుందేళ్ళు తెల్లవారుజామున, సంధ్యవేళ చురుకుగా ఉంటాయి. మధ్యాహ్నం చూసి ఇది సోమరి అనుకోవడం పొరపాటు. ఉత్సాహం కలిగినప్పుడు అవి చెంగున గాలిలోకి ఎగిరి, తలను ఒక వైపుకు, నడుమును మరొక వైపుకు మెలితిప్పుతాయి. ఆంగ్లంలో దీనిని 'బింకీ' అంటారు. తెలుగులో కుప్పిగంతు అనే మాట దీనికి చక్కగా సరిపోతుంది. అట్టపెట్టెలలో దూరడం, కాగితాలు చింపడం, తేలికపాటి వస్తువులను పళ్ళతో పట్టి విసరడం కూడా వీటి ఆటలే. అయితే సంతాన నిరోధక శస్త్రచికిత్స జరగని కుందేలు మనిషి కాళ్ళ చుట్టూ గిరగిరా తిరగడం సాధారణంగా జతకోరే చేష్ట. వెనుక కాలితో నేలను దబ్బున కొట్టడం భయసూచన.

వృద్ధాప్యం

పెంపుడు కుందేళ్ళు సాధారణంగా 8 నుండి 12 ఏళ్ళు జీవిస్తాయి. పెద్ద శరీరం గల రకాల ఆయుష్షు కొంత తక్కువ. ఆస్ట్రేలియాలోని టాస్మానియాలో 1964లో పట్టుబడిన ఫ్లాప్సీ అనే కుందేలు ఆ తరువాత 18 సంవత్సరాల 10 నెలలకు పైగా జీవించి గిన్నిస్ రికార్డులలో చేరింది.

5, 6 ఏళ్ళు దాటిన తరువాత చురుకుదనం కొంత తగ్గడం సహజమే. కాని గంతులు పూర్తిగా మానిన కుందేలును చూసి "ముసలిదయింది" అని ఊరుకోరాదు. ఇతర జంతువులకు ఆహారమయ్యే ప్రాణి కనుక కుందేలు నొప్పిని బయటపెట్టదు, అరవదు. ఒక మూల కదలక కూర్చుంటుంది. నెమ్మదైనదని ఇంటివారు మెచ్చుకొనే ముసలి కుందేలు చాలాసార్లు కీళ్ళవాతంతోనో, వెన్నుపూసల అరుగుదలతోనో, దంతాల బాధతోనో ఉంటుంది. ఎత్తైన చోటికి ఎక్కకపోవడం, మలమూత్రాల పళ్ళెం అంచు దాటలేక బయటనే విసర్జించడం, వీపు మీద బొచ్చు చిక్కుపడడం దీనికి తొలి గుర్తులు. కుందేళ్ళు తమ మెత్తని మలగుళికలను నేరుగా నోటితో అందుకొని తింటాయి. నడుము వంగనప్పుడు అవి అంటుకుపోతాయి. ఈగలు గుడ్లు పెట్టి పురుగులు పడితే ఒకటి రెండు రోజులలోనే ప్రాణం పోవచ్చు. ముసలి కుందేలు వెనుక భాగాన్ని ప్రతిరోజూ పరిశీలించవలసినది ఇందుకే.

కీళ్ళనొప్పికి పశువైద్యులు మందులు ఇస్తారు. సరైన మందు పడ్డాక కొన్ని ముసలి కుందేళ్ళు మళ్ళీ గంతులు వేయడం కద్దు. మనుషుల మాత్రలు సొంతంగా వేయరాదు.

సంరక్షణ

కుందేలు పాదాలకు కుక్కకు, పిల్లికి ఉన్నట్లు మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది. నున్నని టైల్స్ మీద ముసలి కుందేలు జారి, భయపడి, కదలడమే మానుకుంటుంది. పాత దుప్పటి పరిస్తే చాలు. పళ్ళెం అంచు తగ్గించాలి, మెట్టుకు బదులు వాలుబల్ల పెట్టాలి. వారానికొకసారి తూకం వేస్తే బరువు తగ్గడం ముందే తెలుస్తుంది. కుందేలు మనిషిలా చెమట పట్టి చల్లబడలేదు. తెలుగు రాష్ట్రాల ఎండాకాలంలో దానిని ఎండ ఎక్కకముందు, పొద్దువాలిన తరువాత మాత్రమే బయట తిప్పాలి.

జతలో ఒకటి చనిపోతే రెండవది దిగులుతో తిండి మానవచ్చు. చనిపోయినదానిని కొంతసేపు దాని దగ్గర ఉంచడం మంచిదని అనుభవజ్ఞులు చెబుతారు. మిగిలినది 12 గంటలపాటు ఏమీ తినకపోతే ప్రేగులు స్తంభించే ప్రమాదం ఉన్నందున వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.