ఇంటి సర్వీసు తీగకు ఫ్యూజు రక్షణము

చెఱువు కట్టకు అలుగు ఎట్టిదో, ఇంటికి వచ్చు విద్యుత్తు తీగకు ఫ్యూజు అట్టిది. వాన మిక్కుటమై నీరు హద్దు మీఱినపుడు అలుగు పొర్లి కట్టను కాపాడును. ఇంకను జానెడు నీరు నిలుపవలెనను ఆశతో అలుగుపై మట్టిబస్తాలు పేర్చినచో, ఆ యేడు చెఱువు నిండుగానే కన్పట్టును. కాని పెనువాన కురిసిననాడు అలుగు పొర్లుటకు మాఱుగా కట్టయే తెగును. ఫ్యూజు మాటిమాటికి పోవుచున్నదని విసిగి దానిలో లావుపాటి తీగ చుట్టుట సరిగా ఇట్టి పనియే. పల్లెలలో "ఫీజు" అని వాడుకగా పిలువబడు ఈ చిన్న వస్తువును గూర్చి ప్రతి గృహస్థుడును తెలిసికొనదగిన సంగతులు కొన్ని గలవు.

ఫ్యూజు చేయు పని

తీగలో విద్యుత్తు ప్రవహించినపుడు వేడి పుట్టును. ప్రవాహము రెండింతలైనచో వేడి నాలుగింతలగును, మూడింతలైనచో తొమ్మిదింతలగును. ఆ వేడికి తీగపై తొడుగు మెత్తబడి, కరగి, తుదకు నిప్పంటుకొనును. ఇట్లు జరుగకుండ, మార్గమధ్యమున తక్కిన తీగలకంటె సన్నని తుంపు నొకదానిని కావలెనని ఉంచుదురు. ప్రవాహము హద్దు మీఱినపుడు ఆ తుంపు ముందుగా కరగి, మార్గమును తెంచివేయును. అమెరికా దేశమున ఎడిసన్ 1880వ సంవత్సరముననే ఇట్టి రక్షణమునకు పేటెంటు పొందెను. నేటికిని దాని మూలసూత్రము మాఱలేదు.

ఇచట ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి కలదు. ఫ్యూజు కాపాడునది తీగను. అదియు తనకు తరువాత ఉన్న తీగనే గాని, తనకు ముందున్న తీగను కాదు.

స్తంభమునుండి మీటరు వఱకు

పై మాటను ఇంటికి అన్వయించి చూతము. స్తంభమునుండి సర్వీసు తీగ వచ్చి మీటరును చేరును. అచట పింగాణీతో చేసిన కట్‌అవుటు ఉండును. పిమ్మట మెయిన్ స్విచ్చి, దాని వెనుక ఇంటిలోని చిన్న ఫ్యూజులు. 1956 నాటి భారత విద్యుత్తు నియమములు, భూమితో కలుపబడిన న్యూట్రలు తీగకు దక్క, సర్వీసులోని ప్రతి తీగకును తగిన కట్‌అవుటును సరఫరాదారులే వినియోగదారుని ఆవరణలో, నిప్పంటని పెట్టెయందు అమర్చవలెనని విధించినవి. వానికి మాఱుగా 2010లో వచ్చిన నియమములందును ఈ విధి నిలిచినది.

మీటరునొద్ద ఉన్న కట్‌అవుటు ఇంటిలోని తీగలను కాపాడును. స్తంభమునకును మీటరునకును నడుమ వ్రేలాడు సర్వీసు తీగ ఒరిపిడిచే తొడుగు చిరిగి, రెండు తీగలు ఒకదానికొకటి తగిలినచో, ఆ కట్‌అవుటు దానిని ఆపజాలదు. స్తంభమువద్ద వేఱొక ఫ్యూజు లేనిచో, ఇక అడ్డు ఉన్నది ట్రాన్స్‌ఫార్మరు వద్ద మాత్రమే. ఊరిలోని 100 కె.వి.ఏ. ట్రాన్స్‌ఫార్మరునుండి ఒక్కొక్క ఫేజునకు సుమారు 133 ఆంపియర్లు పోవుటకు వీలుగలదు. అచటి ఫ్యూజులు అంతటి బరువునకు తగినట్లు ఉండును. లైను చివరనున్న ఇంటి తీగలో ఎనుబది తొంబది ఆంపియర్లు ప్రవహించినను ఆ పెద్ద ఫ్యూజు వెంటనే కరగకపోవచ్చును. సన్నని సర్వీసు తీగ మాత్రము ఈలోపల కాలిపోవును. క్రింద తాటాకు కప్పో, గడ్డివామియో ఉన్నచో దాని ఫలితమును వేఱుగ చెప్పనక్కఱలేదు.

కావున సర్వీసు తీగ విషయమున నాలుగు జాగ్రత్తలు పాటింపవలెను. తీగ పొట్టిగాను, నడుమ అతుకులు లేకుండగను ఉండవలెను. కప్పునకుగాని, చెట్టుకొమ్మకుగాని, రేకు అంచునకుగాని తగులరాదు. ఆసరాగా కట్టిన ఇనుపతీగకు ఒరసి తొడుగు చిరిగినదేమో యేటేట చూపించుకొనవలెను. స్తంభమువద్దను ఫ్యూజు అమర్పుమని సరఫరాదారులను కోరవలెను.

తీగ లావును ఎట్లు నిర్ణయింపవలెను

ఇంటిలో వస్తువులు ఎన్ని ఉన్నవో దానినిబట్టి ఫ్యూజు తీగను ఎన్నుకొనుట పలువురి అలవాటు. ఇది తలక్రిందుల లెక్క. ఫ్యూజు వెనుక ఉన్న తీగలలో మిక్కిలి సన్ననిది ఎంత మోయగలదో దానినిబట్టియే ఎన్నుకొనవలెను.

తగరపు పూత గల రాగి తీగకు ప్రమాణములు ఇవి: 5 ఆంపియర్లకు 0.20 మిల్లీమీటరు, 10 ఆంపియర్లకు 0.35, 15 ఆంపియర్లకు 0.50, 20 ఆంపియర్లకు 0.60, 30 ఆంపియర్లకు 0.85. అయితే 5 ఆంపియర్ల తీగ 5 దాటినంతనే కరగదు. రెట్టింపునకు చేరువైనపుడు గాని కరగదు. అందుచే, తీగ మోయగల బరువులో నూటికి 72 పాళ్లకు మించని ఫ్యూజునే వేయుట మంచిది. 20 ఆంపియర్లు మోయగల తీగకు 10 ఆంపియర్ల ఫ్యూజు తగును. 15 ఆంపియర్లది కొంచెము హద్దు మీఱును.

తీగ లావు రెండింతలైనచో అది కరగుటకు వలయు ప్రవాహము రెండింతలు గాక ఇంచుమించు మూడింతలగును. ఒక మిల్లీమీటరు లావు రాగితీగను చుట్టినచో, 60 ఆంపియర్లు పోవుచున్నను అది చెక్కుచెదరక నిలువగలదు. అప్పటికి గోడలోని తీగ మండుచుండును. పాత వైరులోని పోగులను మూడు నాలుగు మెలివేసి కట్టుటయు ఇట్టిదే.

ఇక బరువు లెక్క. 230 వోల్టుల సరఫరాలో 1000 వాట్ల ఇస్త్రీపెట్టె సుమారు 4.3 ఆంపియర్లు, 2000 వాట్ల గీజరు 8.7 ఆంపియర్లు, ఒక హెచ్.పి. మోటారు సుమారు 7 ఆంపియర్లు తీసికొనును. ఈ మూడును ఒక్కసారి నడచినచో 20 ఆంపియర్లగును. వోల్టేజి తగ్గిననాడు మోటారు ఇంకను ఎక్కువ లాగును. ఇట్టి ఇంటిలో ఫ్యూజు పోవుచున్నచో అది ఫ్యూజు దోషము గాదు. తీగ చాలకపోవుటయే దోషము. అదనపు లోడునకు దరఖాస్తు పెట్టి, లావుపాటి సర్వీసు తీగ వేయించుకొని, పిమ్మట ఫ్యూజును పెంచవలెను. ఈ వరుస తప్పరాదు.

ఫ్యూజునకు చిక్కని దోషములు

మంచి ఫ్యూజు ఉన్నను కొన్ని అపాయములు దానికి చిక్కవు. అల్యూమినియము తీగ బిగింపు వదులైనచోట, ప్రవాహము హద్దులోనే యున్నను వేడి పుట్టును. దీపము మినుకుమినుకుమనుట, కాలిన వాసన, పింగాణీపై నల్లని మచ్చ దీనికి గుర్తులు.

మనుష్యునికి షాకు తగిలినపుడు ఫ్యూజు రక్షింపదు. ఆంపియరులో వేయవ వంతు మిల్లీఆంపియరు. ముప్పది మిల్లీఆంపియర్లు దేహములో ప్రవహించినను ప్రాణాపాయము కలుగవచ్చును. 5 ఆంపియర్ల ఫ్యూజునకు అది లెక్కలోనిది గాదు. దీనికి సరియైన ఎర్తును, 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి.యు వలయును. ఎం.సి.బి. అను స్విచ్చి ఫ్యూజు పనిని మఱింత చక్కగా చేయును. దానిలో తీగ మార్చి మోసపుచ్చుటకు వీలుండదు. కాని అదియు షాకునుండి కాపాడునది గాదు.

పాత ఇండ్లలో న్యూట్రలు తీగకును ఫ్యూజు ఉండుట కలదు. అది పోయినచో దీపములు ఆరిపోవును. కాని ఫేజు తీగలో విద్యుత్తు నిలిచియే యుండును. చీకటిగా ఉన్నది గదా యని చేయిపెట్టినవారు ప్రాణములు పోగొట్టుకొందురు. అట్టి ఫ్యూజులను తీసివేయించి, న్యూట్రలును తెగకుండ కలిపించవలెను.

ఫ్యూజు పోయినపుడు

మొదట మెయిన్ స్విచ్చిని కట్టివేయవలెను. ఏ వస్తువును నడిపినపుడు పోయినదో గుర్తుచేసికొని, దానిని విడదీయవలెను. పొడి చేతులతో, కాలికి చెప్పులు తొడిగి, ఇంటి ఫ్యూజు యొక్క పింగాణీ పట్టును మాత్రమే పట్టి ఊడదీయవలెను. సరియైన కొలత తీగను ఒక్క పోగుగా వేసి, మఱలు అతిగా బిగింపక అమర్చవలెను. రెండవసారియు వెంటనే పోయినచో మూడవసారి వేయక వైర్‌మనిషిని పిలువవలెను.

మీటరునకు ముందున్న సీలు వేసిన కట్‌అవుటును, స్తంభముపై ఫ్యూజును, ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులను రైతులు ముట్టరాదు. అచట మన స్విచ్చి కట్టినను విద్యుత్తు ఆగదు. లైన్‌మన్ రాక ఆలస్యమైనను, 1912 సంఖ్యకు ఫోను చేసి వేచియుండుటయే మేలు. ఒక పూట నీరు తడుపుట ఆగినంతమాత్రమున పైరు చావదు.

సంఘము చేయదగినది

విద్యుత్తు విషయమున సహకారము మనకు క్రొత్త గాదు. సిరిసిల్లలో సహకార విద్యుత్ సరఫరా సంఘము 1970లోనే ఏర్పడినది. అంతటి పని చేయలేకున్నను, ప్రతి గ్రామ సంఘమును రెండు పనులు చేయవచ్చును. సంఘము గిడ్డంగిలో ఎరువులతోపాటు 5, 10, 15 ఆంపియర్ల ఫ్యూజు తీగ కార్డులను కొలత వ్రాసి ఉంచి, అసలు ధరకు అమ్మవచ్చును. వానకాలమునకు ముందు అనుమతి గల వైర్‌మనిషిని పిలిపించి, సభ్యుల ఇండ్ల సర్వీసు తీగలను, ఎర్తులను వరుసగా పరీక్ష చేయించి, ఖర్చును పంచుకొనవచ్చును.

ఫ్యూజు తీగ వెల కొద్ది రూపాయలు. అది కరగినపుడు పోవునది ఒక గంట వెలుతురు. అది కరగనపుడు పోవునది ఇల్లు, గాదె, ఒక్కొక్కప్పుడు మనుష్యులు. కావున సభ్యులు నేడే తమ ఇంటి ఫ్యూజును నిపుణునిచే తీయించి, దానిలో ఏ తీగ ఉన్నదో చూచుకొందురుగాక.