కెచప్ కూర అవుతుందా?

ఒకరోజు రాత్రి మా హాస్టల్ మెస్సులో కూర అయిపోయింది. వడ్డించే ఆయన చపాతీల పక్కన కెచప్ పోసి, "ఇదీ టమాటాయే కదా బాబూ, కూరే అనుకోండి!" అన్నాడు. నవ్వుకుంటూ తినేశాం. కాని ఆ మాటలో నిజమెంత అనే సందేహం మాత్రం నన్ను వదలలేదు.

ఇలాంటి తగువే 1981లో అమెరికాలోనూ వచ్చింది. రీగన్ ప్రభుత్వం బడిపిల్లల భోజనం ఖర్చు తగ్గించబోయి, నంజుకునే పదార్థాలను కూడా కూరగాయల లెక్కలో వేసుకోవచ్చునని ప్రతిపాదించింది. "కెచప్ కూరగాయట!" అని జనం ఎగతాళి చేసేసరికి ఆ ప్రతిపాదనను వెనక్కు తీసుకోక తప్పలేదు.

ఇక లెక్క చూద్దాం. పచ్చి టమాటాలో నూటికి 94 పాళ్ళు నీరే. 100 గ్రాములకు 20 కేలరీలకు మించవు. కెచప్ కోసం టమాటా గుజ్జును ఉడికించి, నీరు ఇగరబెట్టి, చక్కెర, ఉప్పు, వినెగర్, మసాలా దినుసులు కలుపుతారు. కంపెనీని బట్టి కొంత తేడా ఉన్నా, 100 గ్రాముల కెచప్‌లో సుమారు 100 కేలరీలు, 20 గ్రాములకు పైగా చక్కెర, 900 మిల్లీగ్రాముల దాకా సోడియం ఉంటాయి. మాంసకృత్తులు ఒక గ్రాము మాత్రమే. సి విటమిన్ చాలా భాగం పోతుంది.

మంచి గుణం అసలు లేదా అంటే, ఉంది. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపిన్ వేడికి అంతగా చెడదు. ఉడికిస్తే కణాల గోడలు విచ్చుకుని, శరీరానికి అది ఇంకా బాగా అందుతుంది. తూకానికి తూకం చూస్తే పచ్చి టమాటాలో కంటే కెచప్‌లో లైకోపిన్ చాలా ఎక్కువ. కాని మనం కెచప్ ఎంత తింటాం? ఒక పెద్ద చెంచా అంటే సుమారు 17 గ్రాములు. ఆ రాత్రి నేను నాలుగు చెంచాలు లాగించాను. అంటే దాదాపు 15 గ్రాముల చక్కెర, గ్రామున్నర ఉప్పు! రోజుకు 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ.

అదే టమాటాను కందిపప్పులో వేసి, నూనెతో తిరగమోత పెడితే లైకోపిన్‌కు నూనె తోడవుతుంది, పప్పులోని మాంసకృత్తులూ దక్కుతాయి. చక్కెర పని లేదు.

అందుచేత మెస్ కమిటీ మిత్రులకు నా మనవి ఒక్కటే. పకోడీల పక్కన కెచప్ పెట్టండి, కాదనం. కూర అయిపోయిన రాత్రి మాత్రం పొయ్యి మీద ఇంత టమాటా పప్పు పడేయించండి. మేము కట్టేది భోజనం బిల్లు కదా!