అక్షరానికి మందపాటి పాదాలు

రోడ్డు మీద హోండా బండి కనిపిస్తే, దాని మీద ఇంగ్లిషులో ఉన్న పేరును ఒకసారి నిదానంగా చూడండి. హెచ్ అక్షరం నిలువు గీతలకు పైనా కిందా అడ్డంగా మందపాటి పట్టీలుంటాయి. సోనీ పేరులోనూ అంతే. ఇంగ్లిషు అక్షరాల కొసల్లో కనిపించే ఈ అడ్డగీతను సెరిఫ్ అంటారు. పుస్తకాల్లో వాడే టైమ్స్ లాంటి ఫాంట్లలో అది సన్నగా, మొనదేలి ఉంటుంది. ఇంటి పైకప్పులా మందంగా, మొద్దుగా ఉంటే స్లాబ్ సెరిఫ్.

ఇది అమ్మకం కోసం పుట్టిన అక్షరం. 19వ శతాబ్దం తొలినాళ్లలో లండన్ గోడల మీద లాటరీల, నాటకాల, సరుకుల ప్రకటనలు ఒకదాన్ని మించి ఒకటి అరిచేవి. పుస్తకాల అక్షరాన్నే పెద్దది చేసి అచ్చేస్తే ఆ గోలలో ఎవరి కంటా పడేది కాదు. అచ్చు అక్షరాలు పోతపోసే విన్సెంట్ ఫిగ్గిన్స్ 1810ల్లో, గీతలన్నీ దాదాపు ఒకే మందంలో ఉండే అక్షరాలు చేసి ‘యాంటిక్’ అన్నాడు. తర్వాత వాటికి ‘ఈజిప్షియన్’ అనే పేరు స్థిరపడింది. నెపోలియన్ దండయాత్ర తర్వాత ఐరోపాకు పట్టిన ఈజిప్టు మోజే తప్ప, ఆ దేశంతో వీటికి చుట్టరికమేమీ లేదు.

పోస్టర్లు పెద్దవయ్యేకొద్దీ సీసం అక్షరాలు మోయలేనంత బరువయ్యాయి, ఖర్చూ పెరిగింది. 1827లో న్యూయార్క్‌లో డేరియస్ వెల్స్ కొయ్య అక్షరాలను యంత్రంతో చెక్కడం మొదలుపెట్టాడు. కొయ్యలో సన్నటి సెరిఫ్ ఇట్టే విరుగుతుంది, మందపాటిది దెబ్బలకు ఆగుతుంది. అమెరికా సర్కస్ పోస్టర్లలో ఈ అక్షరాలు అంతగా పాతుకుపోవడానికి అదీ ఒక కారణం.

వీటిలో నాకు నచ్చింది క్లారెండన్. 1845లో లండన్‌లో రాబర్ట్ బెస్లీ అచ్చక్షరాల ఫౌండ్రీ నుంచి వచ్చింది. దీనిలో సెరిఫ్ నిలువు గీతకు చెక్కముక్క అతికించినట్టు కాకుండా చిన్న వంపుతో కలుస్తుంది. ఆర్ అక్షరం కాలు చివర పైకి తిరుగుతుంది. అంత లావులోనూ ఆ అక్షరానికి ఓ సొగసుంది. మామూలు అక్షరాల పక్కన ఒక్క మాటనే నల్లగా చూపడానికి అది బాగా పనికొచ్చింది. నిఘంటువులో వెతికే మాట ముందు కంటపడాలిగా మరి! బెస్లీకి దానిమీద చట్టం ఇచ్చిన రక్షణ మూడేళ్లే. గడువు తీరగానే మిగతా ఫౌండ్రీలు ఎగబడి నకళ్లు చేశాయి.

టైప్‌రైటర్ కథ వేరు. అందులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు చోటు. ఎమ్‌కి ఇరుకు, ఐకి మరీ విశాలం. ఆ ఖాళీని పూడ్చడానికి ఐ కింద పొడుగాటి సెరిఫ్ పరిచారు. 1950ల్లో ఐబీఎం కోసం హోవార్డ్ కెట్లర్ గీసిన కొరియర్‌లో చూడండి, సన్నటి ఐ తన గది మొత్తం ఆక్రమించుకుని నిలబడుతుంది. హాలీవుడ్ స్క్రిప్టులు నేటికీ ఆ ఫాంటులోనే రాస్తారు.

బరువైన స్లాబ్‌ను శీర్షికకు, బోర్డుకు, అట్టపెట్టె మీద పేరుకు వాడుకోవచ్చు. పేరాలకు పేరాలు అందులో పెట్టకూడదు. చిన్న సైజులో ఇ, ఎ అక్షరాల లోపలి ఖాళీలు మూసుకుపోయి పేజీ అంతా నల్లగా అలుక్కుపోతుంది. ఇంగ్లిషు శుభలేఖల్లోనూ కొందరు వాడుతున్నారు, చూస్తే వేలం నోటీసు అందుకున్నట్టుంటుంది. పొడుగాటి వచనానికి స్లాబే కావాలంటే సన్నటి రకం తీసుకోవాలి. ఈ-పుస్తకాలు చదివే కిండిల్‌లో చాలాకాలం కనిపించిన సెసీలియా అలాంటిదే.