నొప్పి పోయింది, రోగం పోలేదు
పిప్పి పన్ను వైద్యంపై పల్లెల్లో అపోహలు

మదనపల్లె మార్కెట్టులో టమాటా దించే కూలీ అయినా, పుంగనూరు వైపు పాడి నమ్ముకున్న రైతు అయినా, కుప్పంలో బెంగుళూరు రైలెక్కే పనివాడైనా, పన్ను నొప్పి పుడితే మొదట చేసే పని ఒక్కటే. దవడన లవంగం పెట్టుకుని ఓర్చుకోవడం. మర్నాడు మందుల షాపులో రెండు మాత్రలు కొనుక్కోవడం. మూడో నాటికి నొప్పి తగ్గితే ఆ సంగతి మరచిపోవడం, తగ్గకపోతే "పీకేయండి సార్, పీడా పోతుంది" అని డాక్టరు ముందు నోరు తెరవడం.

ఓర్చుకోవడానికీ పీకించుకోవడానికీ మధ్య మరో దారి ఉంది. అదే రూట్ కెనాల్ చికిత్స. మన ఊళ్లలో దీన్ని "నరం తీయడం" అంటారు. పేరు విన్నవారు చాలామందే గాని, దాని చుట్టూ అల్లుకున్న భయాలు అంతకంటే ఎక్కువ.

పన్ను పైకి రాయిలా కనిపించినా లోపల గుల్ల. ఆ గుల్లలో మెత్తని కండ, అందులో సన్నని రక్తనాళాలు, నరాలు ఉంటాయి. అవి వేరు కొసన ఉన్న సన్నని రంధ్రం గుండా దవడ ఎముకలోకి పోతాయి. తీపి పదార్థాలు పళ్ల సందున నిలిచి, నోటిలోని సూక్ష్మక్రిములు వాటిని పులియబెట్టి, ఆ పులుపుకు పన్ను కరిగి గుంట పడుతుంది. గుంట పైపైనే ఉంటే సిమెంటు నింపితే సరిపోతుంది. లోపలి కండ దాకా పోయిందంటే రాత్రి నిద్ర ఉండదు. ఆ కండ వాచినా, కదలడానికి చోటు లేదు. చుట్టూ గట్టి గోడ. అందుకే ఆ పోటు.

అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇక్కడే పుడుతుంది. కొన్నాళ్లకు నొప్పి దానంతటదే ఆగుతుంది. "లవంగానికి తగ్గింది", "ఫలానా ఆకు పసరుకు తగ్గింది" అని సంతోషిస్తాం. నిజానికి లోపలి నరం చచ్చిపోయింది. చచ్చిన నరం నొప్పిని చెప్పదు. క్రిములు మాత్రం వేరు కొసకు దిగి, ఎముకలో చీము గూడు కట్టుకుంటూ ఉంటాయి. నెలలో, ఏడాదిలో చిగురు మీద చిన్న పొక్కు లేచి చీము కారుతుంది, లేదా ఒక రాత్రి బుగ్గ వాచిపోతుంది. అప్పుడు మాత్రలు మింగితే వాపు తాత్కాలికంగా తగ్గవచ్చు. కాని చచ్చిన పంటిలోకి రక్తమే పోదు. రక్తం పోనిచోటికి మాత్ర ఎలా పోతుంది?

లవంగాన్ని తప్పుపట్టనక్కరలేదు. అందులోని నూనెకు తిమ్మిరెక్కించే గుణం ఉంది, దంతవైద్యులూ దాన్ని మందుల్లో వాడతారు. అది ఒక రాత్రి గట్టెక్కడానికి పనికివస్తుంది, అంతే. పొగాకు కాడ నొక్కిపెట్టడం, నొప్పి మాత్రను చిగురు పక్కన దవడన ఉంచుకోవడం మాత్రం మానాలి. ఆస్పిరిన్ మాత్ర అలా పెడితే చిగురు కాలి పుండవుతుంది.

గింజల పొగ పట్టి "పంటి పురుగులు" రాల్చి చూపేవారి సంగతి పెద్దలకు తెలుసు. ఈ నమ్మకం మనదొక్కటే కాదు. ఐరోపాలోనూ ఖురాసానీ వాము గింజలను నిప్పుల మీద వేసి అలాగే పొగ పట్టేవారు. వేడికి గింజ పగిలి లోపలి తెల్లని మొలక బయటపడేది, చూసినవారు దాన్నే పురుగు అనుకునేవారు. పన్ను తినే క్రిములు కంటికి కనబడేంత పెద్దవి కావు.

నొప్పి భయం

"నరం తీస్తే ప్రాణం పోయినంత పని" అంటారు. ఆ మాట మత్తు సూది లేని కాలం నాటిది. 1838లో అమెరికాలో ఎడ్వర్డ్ మేనార్డ్ అనే దంతవైద్యుడు గడియారం స్ప్రింగును అరగదీసి పన్ను నరం తీసే పనిముట్టు చేశాడు. అప్పటికి మత్తు లేదు, ఎక్స్‌రే లేదు. నేడు చిగురుకు సూది వేసి, పన్ను తిమ్మిరెక్కాకే పని మొదలుపెడతారు. బాగా చీము పట్టిన పంటికి మత్తు సరిగా ఎక్కకపోవచ్చు. అలాంటప్పుడు నొప్పి తెలుస్తోందని చేయెత్తి చెప్పండి, డాక్టరు మరో సూది వేస్తాడు. పన్ను మీద రంధ్రం చేసి, సన్నని ఆకురాళ్లతో వేరు కాలువలను గీకి, మందు నీళ్లతో కడిగి, గట్టాపర్చా అనే పదార్థం నింపుతారు. అది మలయా ప్రాంతపు చెట్టు పాలు గడ్డకట్టించినది. పూర్వం సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫు తీగలకు తొడుగుగా వాడినదీ అదే. ముందు పంటికి సాధారణంగా ఒక కాలువ ఉంటుంది, దవడ పంటికి మూడో నాలుగో. అందుకే దవడ పంటికి ఎక్కువ సమయం, ఎక్కువ ఖర్చు.

తరచు రెండు మూడుసార్లు రమ్మంటారు. మనవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. మొదటిసారికే పోటు పోతుంది. రెండోసారి రావాలంటే బస్సు చార్జీ, ఒకరోజు కూలి నష్టం. "తగ్గింది గదప్పా, మళ్లీ ఎందుకు" అని మానేస్తారు. తాత్కాలికంగా పెట్టిన సిమెంటు కొన్ని వారాలలో అరిగిపోతుంది, సందున ఎంగిలి దిగి మళ్లీ చీము పడుతుంది. మదనపల్లె పక్కనే 1915లో క్షయ ఆసుపత్రి వెలసిన ఆరోగ్యవరం ఉంది. దగ్గు తగ్గిందని మాత్రలు మధ్యలో మానేస్తే క్షయ తిరగబెడుతుందని ఈ ప్రాంతంవారికి ఒకరు చెప్పనక్కరలేదు. సగంలో వదిలిన పన్ను సంగతీ అంతే.

తొడుగు డబ్బు గుంజడానికి వేస్తారన్న అనుమానం కూడా ఉంది. గుంటపడి, పైన రంధ్రం చేసిన దవడ పన్ను గోడలు పలచబడతాయి. తొడుగు లేకుంటే వేరుసెనగ కాయ కొరికినప్పుడు నిలువునా చీలవచ్చు. పెద్దగా పాడుకాని ముందు పంటికి తొడుగు లేకపోయినా సరిపోవచ్చు. ఎందుకు వేస్తున్నారని అడగడానికి మొహమాటపడవద్దు.

కన్నూ, క్యాన్సరూ

పై పన్ను ముట్టుకుంటే కంటిచూపు పోతుందనే మాట ఇప్పటికీ వినబడుతూనే ఉంది. చూపు నరం వేరు, పంటి నరం వేరు. నడివయసు దాటాక పళ్లూ కళ్లూ రెండూ పాడవుతాయి గనుక, ఒకదాని నింద మరొకదానిపై పడింది. పై కోరపంటి చీమును అలాగే వదిలితే కంటి కింద వాపు వస్తుంది. అంటే భయపడవలసింది వైద్యం చేయించనందుకు.

ఈ పన్ను ఒంట్లో ఉంటే క్యాన్సర్ వస్తుందని సెల్‌ఫోన్లలో తిరుగుతున్నదీ కొత్త మాట కాదు. 1920లలో అమెరికాలో వెస్టన్ ప్రైస్ అనే దంతవైద్యుడు నరం తీసిన పళ్లే అనేక రోగాలకు మూలమని ప్రచారం చేశాడు. ఆ వాదం విని ఎందరో పళ్లు పీకించుకున్నారు. తరువాతి పరిశోధనల్లో అది నిలవలేదు.

అయితే ప్రతి పంటికీ రూట్ కెనాలే చేయించాలని ఈ వ్యాసకర్త అనడం లేదు. వేరు చీలిన పన్ను, ఎముక కరిగి కదులుతున్న పన్ను పీకించడమే మేలు. చేసిన చికిత్స కూడా ఒక్కోసారి విఫలమవుతుంది. సంగటి మింగేవాడికి దవడ పన్నెందుకని నవ్వుకుంటాం గాని, ఒక పన్ను పోతే పక్క పళ్లు ఆ ఖాళీలోకి ఒరుగుతాయి. ఖర్చుకు వెనుకాడేవారు తిరుపతి, కడప, కోలారు బంగారు గనుల ప్రాంతంలోని దంత కళాశాలల్లో విచారించవచ్చు. అక్కడ అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చికిత్స చేస్తారు.

దవడ కింద, మెడ వైపు వాపు దిగి, మింగడం కష్టమై, నోరు తెరుచుకోక జ్వరం వస్తే మాత్రం ఖర్చులు లెక్కపెట్టుకోకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి పోవాలి. ఊపిరి అందకుండా చేసే వాపు అది. చక్కెర వ్యాధి ఉన్నవారికి మరీ తొందర.

ఇక "పాల పళ్లు ఎటూ ఊడేవే గదా" అని పిల్లల నొప్పిని పట్టించుకోనివారు ఎందరో. ముందు పాల పళ్లు ఆరేడేళ్లకు ఊడినా, పాల దవడ పళ్లు పది పన్నెండేళ్ల దాకా ఉంటాయి. రెండో తరగతి పిల్లవాడు ఇంకా మూడు నాలుగేళ్లు వాటితోనే నమలాలి.