మీకు తెలుసా? డిస్కు బీరువాలో నుండగనే ఫైలు దొరకును

ఇచ్ఛాపురము మండలమున సముద్రతీరమునందున్న డొంకూరులో జరిగిన పెండ్లి వీడియో ఏ డీవీడీలో నున్నదో తెలియక, బీరువాలోని డిస్కులనన్నింటిని ఒకటొకటిగా డ్రైవులో పెట్టి తీయు శ్రమను తప్పించుటకే డిస్క్ క్యాటలాగ్ సాఫ్ట్‌వేర్ పుట్టినది. అది డిస్కును ఒక్కపర్యాయము చదివి, ఫైళ్లను గాక వాని పేర్లను, పరిమాణములను, తేదీలను, ఫోల్డర్ల క్రమమును మాత్రమే గ్రహించి తన పట్టికలో భద్రపరచుకొనును గనుక, 4.7 జీబీల డీవీడీ వివరమంతయు అత్యల్పస్థలమున నిమిడిపోవును. 'వేర్ ఈజ్ ఇట్', 'వర్చువల్ వాల్యూమ్స్ వ్యూ' అనునవి యిట్టివే.

తెలుగు పేర్ల సంగతి వేరు. డిస్కులపై ఫైళ్ల అమరికకై ఏర్పడిన 1988 నాటి ఐఎస్ఓ 9660 ప్రమాణము, తన తొలిస్థాయిలో, ఫైలు పేరునకు 8 ఆంగ్లాక్షరములకును, దాని తోకకు 3 అక్షరములకును మించి చోటీయలేదు. 1995లో మైక్రోసాఫ్టువారి జోలియట్ పద్ధతి వచ్చిన పిమ్మట 64 యూనికోడ్ సంకేతములదాక పేరు పెట్టుట సాధ్యమైనది. అయినను ఆ 64 మనకు తోచునంత ఉదారమైనది కాదు, ఏలయన మన కంటికి మూడక్షరములైన 'డొంకూరు' కంప్యూటరు లెక్కలో డకారము, ఒత్వము, సున్న, కకారము, కొమ్ముదీర్ఘము, రకారము, కొమ్ము అని ఏడగును.

ఫైలుకు 'ఇచ్ఛాపురం' అని పేరిడి, వెదకునపుడు 'ఇచ్చాపురం' అని టైపు చేసినచో, అక్షరమక్షరము సరిపోల్చు యంత్రము ఏమియు లేదనును. దొరికినను, డిస్కును గూర్చి అది చెప్పునది దాని పేరు మాత్రమే. ఆ పేరును డిస్కుపై మార్కరుతో వ్రాయవలసిన భారము మనదే.